మెట్టసీమ ఎండ ఎవరి సొత్తు?

1

నెల్లూరు అనగానే మనకు మొలగొలుకుల బియ్యం, పెన్న కాలువలు జ్ఞప్తికి వస్తాయి. అది జిల్లాలో ఒక భాగం మాత్రమే. సంగం దాటి పడమరకు పోయిన కొద్దీ నేల ఎర్రబడుతుంది. చెరువులు చిన్నవవుతాయి, బావులు లోతవుతాయి. ఆత్మకూరు, మర్రిపాడు, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం, ఉదయగిరి: వెలిగొండలను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతమంతా మెట్ట. గజపతుల చేతిలోనుంచి పట్టుకోవడానికి కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించిన దుర్గం ఇక్కడే ఉన్నది. చరిత్ర గ్రంథాలలో ఉదయగిరికి చోటు దక్కింది ఆ దుర్గం వల్లనే. దుర్గం కింద బతికిన జనం నీరు ఎట్లా తోడుకున్నారు, పొయ్యిలో ఏమి కాల్చుకున్నారు, అందుకు ఎవరికి ఎంత చెల్లించారు అన్న సంగతులు ఆ గ్రంథాలకు పట్టలేదు. ఈ వ్యాసం ఆ రెండో చరిత్రను గురించినది.

ఆ చరిత్ర ఇప్పుడు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. వాతావరణం మారుతున్నదనీ, బొగ్గు మానాలనీ, ఎండనుంచీ గాలినుంచీ విద్యుత్తు తీయాలనీ ప్రపంచమంతటా ప్రభుత్వాలు ప్రణాళికలు వేస్తున్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించింది. పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు దాని లక్ష్యాలు. ఇంత పెద్ద మార్పులో మెట్టసీమకు వచ్చేదేమిటి, పోయేదేమిటి? ఎండకు, గాలికి కులం లేదు, వర్గం లేదు. కాని ఆ ఎండ పడే నేలకు పట్టా ఉన్నది. ఆ విద్యుత్తు పోయే తీగెకు యజమాని ఉన్నాడు. కనుక ఇంధనం మారినప్పుడు ఆస్తి సంబంధాలు కూడా మారుతున్నాయా, లేక పాత సంబంధాలే కొత్త పేరుతో కొనసాగుతున్నాయా అన్నదే మనం పరిశీలించవలసిన ప్రశ్న.

2

మొదట కట్టె. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు నగరపు పొయ్యిలకు నెల్లూరు జిల్లా అడవి వంటచెరకు అయింది. శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవలలో మద్రాసు చేరేవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతవరకు ఊరివాళ్ల సొంతమనుకున్న కొండ, పోరంబోకు, మేతబీడు ప్రభుత్వపు గీతల లోపలికి పోయాయి. మేపుకున్న పశువుకు పుల్లరి కట్టాలి, కొట్టుకున్న కట్టెకు అనుమతి కావాలి. ఈ పుల్లరి మీదనే పల్నాడు ప్రజలు తిరగబడ్డారు. 1922లో కన్నెగంటి హనుమంతు బ్రిటిషు తుపాకికి బలి అయ్యాడు. వెలిగొండల కింది గొర్రెల కాపరి ఏ చరిత్ర పుస్తకంలోకీ ఎక్కలేదు గాని, అతని ముందూ అదే గీత గీశారు.

అడవిని కాపాడడమే ఆ చట్టం ఉద్దేశమని పాలకులు చెప్పారు. అడవులు తరిగిపోతున్న మాట అబద్ధం కాదు. కాని రైళ్ల కోసం, నగరాల కోసం నరికినవాడికి లేని శిక్ష మేకను తోలుకుపోయినవాడికి పడింది. ప్రకృతి రక్షణ పేరుతో వచ్చిన మొదటి విధానం పేదవాడి వాడుక హక్కును హరించడంతో మొదలయిందన్న సంగతి మనం మరచిపోరాదు.

కట్టె చరిత్ర అంతటితో ముగియలేదు. మర్రిపాడు మండలం డి.సి. పల్లిలోను, కలిగిరిలోను పొగాకు వేలం కేంద్రాలున్నాయి. బ్యారన్‌లో పొగాకు పండాలంటే రాత్రింబవళ్లు కట్టె మండాలి. మెట్ట రైతు చేతికి నాలుగు రూపాయలు రావడానికి చుట్టుపట్ల చెట్టు బూడిద కావలసి వచ్చింది. చెరువులనూ బీళ్లనూ ఆక్రమించిన సర్కారు తుమ్మను నరికి బొగ్గు బట్టీలలో కాల్చే పని జిల్లాలో ఎక్కువగా యానాదులకు దక్కింది. బట్టీ యజమాని ఇచ్చిన కొద్దిపాటి అడ్వాన్సు తీరక కుటుంబాలకు కుటుంబాలే వెట్టిలో చిక్కుకున్న ఉదంతాలు అధికారుల దృష్టికి వచ్చినవే. శాస్త్రజ్ఞుల లెక్కలో ఆ కట్టెబొగ్గు తిరిగి మొలిచే ఇంధనమే. బట్టీ దగ్గర కాలిన మనిషి చేతులు ఆ లెక్కలోకి రావు.

3

ఇక నీరు. మెట్టలో ఇంధన సమస్య, నీటి సమస్య వేరు కావు. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట కట్టి ప్రభుత్వం పెన్న నీళ్లను డెల్టా పొలాలకు పారించింది. ఆ పెట్టుబడి రాజ్యానిది. రైతు చెల్లించింది నీటితీరువ. మెట్టరైతుకు అటువంటి కాలువ లేదు. 1876–78 నాటి ధాత కరువు ఈ నేలను ఎండగట్టినప్పుడూ లేదు, ఆ తరువాతా చాలాకాలం లేదు. అతడు ఎద్దులను కట్టి కపిల తోలాడు. ఆయిల్ ఇంజను కొన్నాడు. తరువాత కరెంటు మోటారు, ఆపైన బోరు. ప్రతి మెట్టులోను పెట్టుబడి అతనిదే, అప్పూ అతనిదే.

1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. 1965లో నెల్లూరులో 30 మెగావాట్ల థర్మల్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. ఆనాటి అభ్యుదయ సాహిత్యం కరెంటు స్తంభాన్ని ఎంత ఆశతో చూసిందో మనకు తెలుసు. అందులో తప్పు లేదు. లెనిన్ 1920లో విద్యుదీకరణను సోవియట్ అధికారంతో జతచేసి చెప్పాడు. మన దేశంలో పాలకవర్గం ఆ రెండింటిలో ఒకదానినే అందుకున్నది. తీగె వచ్చింది, తీగె మీద ప్రజలకు అధికారం రాలేదు.

దాని ఫలితం 1990ల చివరలో బయటపడింది. ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల తొలి అప్పుతో విద్యుత్ సంస్కరణలను ముందుకు తోసింది. 1998 చట్టం ప్రకారం 1999 ఫిబ్రవరి 1న బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చారు. మరుసటి ఏడు ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఛార్జీలకు వ్యతిరేకంగా కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. బాలస్వామి, రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి ప్రాణాలు కోల్పోయారు. 2004 మే నెలలో కొత్త ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద సంతకం చేసిందంటే దానికి పునాది ఆ రక్తం వేసిందే.

ఉచిత విద్యుత్తును ఆర్థికవేత్తలు తరచు ఉబలాటం కింద కొట్టిపారేస్తారు. డెల్టాకు ఆనకట్ట ఎట్లాంటిదో మెట్టకు ఉచిత విద్యుత్తు అట్లాంటిది. మొదటిదాన్ని సాగునీటి పెట్టుబడి అని, రెండోదాన్ని సబ్సిడీ అని పిలవడంలోనే పక్షపాతం ఉన్నది. అయితే మనం ఇక్కడ ఆగిపోకూడదు. ఉచిత విద్యుత్తు అందేది బోరు ఉన్నవాడికి. బోరు ఉండేది భూమి ఉన్నవాడికి. కౌలుదారు కౌలులోనే మోటారు విలువ కూడా చెల్లిస్తాడు, కూలివాడికి అందులో నేరుగా భాగం లేదు. పైగా నీళ్ల కోసం ఒకరితో ఒకరు పోటీపడి బోర్లు లోతుకు దింపిన చోట నీటితో పాటు ఫ్లోరిన్ కూడా పైకి వచ్చింది. ఉదయగిరి ప్రాంతంలో పచ్చబడిన పళ్లు, వంగిన నడుములు ఎవరి ఇంట్లో ఎక్కువ కనిపిస్తాయి? నీళ్ల డబ్బా కొనుక్కోలేని ఇంట్లో.

4

మెట్టలో బోర్లు ఎండుతున్న కాలంలోనే తీరంలో బొగ్గు మండడం మొదలయింది. 2008లో కృష్ణపట్నం రేవు తెరుచుకున్నది. దాని చుట్టూ ప్రభుత్వ రంగంలో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చింది. తొలుత 800 మెగావాట్ల యూనిట్లు రెండు, 2022 అక్టోబరులో మూడోది, వెరసి 2,400 మెగావాట్లు. ప్రైవేటు రంగంలో ఒక సింగపూరు సంస్థ చేతికి వచ్చిన రెండు కేంద్రాలవి 2,640 మెగావాట్లు. ఇవికాక మరికొన్ని. 1965 నాటి 30 మెగావాట్లతో పోల్చి చూస్తే ఈ పెరుగుదల ఎంతటిదో అర్థమవుతుంది.

ఇక్కడే మరొక బృహత్ కేంద్రం కూడా రావలసి ఉండెను. సుమారు 4,000 మెగావాట్ల ఆ కేంద్రాన్ని 2007లో ఒక పెద్ద ప్రైవేటు సంస్థ యూనిట్ 2 రూపాయల 33 పైసల ధరకు పాడుకున్నది. ఇండోనేషియా బొగ్గు చవకగా దొరుకుతుందన్నది ఆ పాట వెనుక లెక్క. ఇండోనేషియా 2010లో ఎగుమతి బొగ్గును మార్కెట్ ధరలతో ముడిపెట్టగానే లెక్క తప్పింది, పని ఆగింది. సేకరించిన భూమి మాత్రం రైతుకు అప్పటికే పోయింది. లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే ఒప్పందం తిరగరాయాలి. ప్రైవేటు విద్యుత్ చరిత్ర అంతటా వినిపించే మాట ఇదే.

శ్రీకాకుళం జిల్లాలో ఇటువంటి కేంద్రాలను ప్రతిఘటించిన ప్రజలపై 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు జరిగాయి. నెల్లూరు తీరంలో తుపాకి పేలలేదు. కాని నేలటూరు చుట్టుపట్ల మత్స్యకారులకు వేటస్థలాలు తరిగాయి, బూడిద మిగిలింది. ఆ కరెంటు పెద్ద తీగెల మీద ఎక్కడెక్కడికో పోయింది. అదే జిల్లాలో మెట్టరైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పొలం పోయిన రోజులు మనకందరికీ తెలిసినవే.

5

బొగ్గు పొగ ఆకాశానికి చేరి అక్కడ నిలిచిపోతుంది. గాలి వేడెక్కిన కొద్దీ ఒక్కొక్క డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలుగుతుంది. అందువల్ల ఎండినప్పుడు మరింత ఎండుతుంది, కురిసినప్పుడు కుండపోత అవుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిలనుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలవలసి వచ్చింది. జలాశయం దిగువన సోమేశ్వరాలయం దెబ్బతిన్నది. ఒక వరదను చూపించి వాతావరణ మార్పు రుజువయిందనడం శాస్త్రం కాదు. కాని కరువుకు, వరదకు మధ్య దూరం తగ్గిపోవడం మెట్టకు కొత్త ప్రమాదం. భారతీయుడి సగటు కర్బన ఉద్గారం ప్రపంచ సగటులో సగం కూడా లేదు. సీతారామపురం గొర్రెలకాపరి వాటా అందులో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ అన్యాయాన్ని 1992 రియో సదస్సు ఒప్పుకున్నది. బాధ్యత అందరిదీ గాని సమానం కాదన్నది. 2015 పారిస్ ఒప్పందం తరువాత ఏ దేశం లక్ష్యం ఆ దేశమే చెప్పుకోవడం మొదలయింది. 2021లో గ్లాస్గోలో మన ప్రభుత్వం 2030 నాటికి బొగ్గేతర విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లు, 2070 నాటికి నికర శూన్యం అని ప్రకటించింది. ఆ లక్ష్యానికి డబ్బు ఎక్కడిది? 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేశారు. 2016 నాటికి అది 400 అయింది. బొగ్గు మీద పన్ను చివరకు కరెంటు బిల్లులోకే వస్తుంది. అంటే దాన్ని కట్టింది ప్రజలు. 2017లో ఆ సెస్సును జి.ఎస్.టి. వల్ల రాష్ట్రాలకు కలిగిన లోటును పూడ్చేందుకు మళ్లించారు. స్వచ్ఛ ఇంధనం పేరుతో పుట్టిన పన్ను ఆ పనికి కాకుండా పోయింది.

రాష్ట్రంలో జరిగినదీ చూడాలి. 2019 జూలైలో ప్రభుత్వం సౌర, పవన విద్యుత్ ఒప్పందాలు ఖరీదైనవంటూ సమీక్షకు పూనుకున్నది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పంద ధరలే చెల్లించాలన్నది. 2020లో వ్యవసాయం కోసం రాష్ట్రంలోనే పదివేల మెగావాట్ల సౌర విద్యుత్తు ఉత్పత్తి చేస్తామన్నారు. ఆ టెండరు కోర్టులో నిలవలేదు. చివరకు 2021 డిసెంబరు 1న కేంద్ర సౌర సంస్థతో 7,000 మెగావాట్లకు, 25 ఏళ్లకు, యూనిట్ 2 రూపాయల 49 పైసలకు ఒప్పందం కుదిరింది. ఆ కరెంటు రావలసింది రాజస్థాన్‌నుంచి. ఈ ఒప్పందాల వెనుక లంచాలున్నాయని 2024 నవంబరులో అమెరికా అధికారులు అభియోగాలు మోపారు, సంబంధిత కంపెనీ కాదన్నది. లంచం సంగతి న్యాయస్థానాలు తేల్చుకుంటాయి. ఉదయగిరిలో మాడ్చే ఎండ ఉండగా ఉదయగిరి మోటారుకు రాజస్థాన్ ఎండ ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం ఏ న్యాయస్థానంలోను విచారణ లేదు.

జవాబు కష్టం కాదు. 5 హార్స్‌పవర్ మోటారుకు 5 కిలోవాట్ల సౌర ఫలకాలు చాలు. కర్నూలు జిల్లా సౌర పార్కులో 1,000 మెగావాట్లకు దాదాపు 5,900 ఎకరాలు పట్టాయి. ఆ లెక్కనే తీసుకున్నా ఒక మోటారుకు కావలసిన స్థలం మూడు సెంట్లు. ప్రతి రైతు గట్టు మీద మూడు సెంట్ల ఎండను పట్టుకునే పద్ధతిలో రైతే ఉత్పత్తిదారుడవుతాడు. వేల ఎకరాలను ఒక్కచోట చేర్చే పద్ధతిలో కంపెనీ ఉత్పత్తిదారు, రైతు లీజుదారు. రెండో పద్ధతిలో యూనిట్ ధర తగ్గుతుందన్న మాట నిజమే. అయితే ఆ ధరలో పెద్ద తీగెల ఖర్చు, దారిలో నష్టం, పోయిన మేతబీడు విలువ ఎంతవరకు కలిశాయన్నది అడగవలసిన సంగతి.

మేతబీడు అన్నది చిన్నమాట కాదు. పల్ల, జోడిపి, దొర అనే మూడు రకాల నెల్లూరు జాతి గొర్రెలు దేశంలోనే ఎత్తయినవి. అవి పెరిగింది ప్రభుత్వ రికార్డులు బంజరు, పనికిరాని భూమి అని రాసుకున్న నేలమీదనే. ఉదయగిరి కొయ్య చెంచాలు చెక్కే స్త్రీలకు కర్ర వచ్చేది ఆ కొండమీదనుంచే. ఆ నేలకు లీజు వస్తే పట్టాదారుకు వస్తుంది, లేదా ప్రభుత్వానికి వస్తుంది. కాపరికి, కౌలుదారుకు, అనుభవమే తప్ప పట్టా లేని దళితుడికి ఏ పత్రం మీదా పేరు లేదు. అప్పటి అనంతపురం జిల్లా ఎన్.పి. కుంట సౌర పార్కు విషయంలో వివాదం రేగింది సరిగ్గా ఇక్కడే. 2025లో కరేడులో సౌర ఫలకాల కర్మాగారం కోసం ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి తీసుకోబోతే రైతులు జాతీయ రహదారి మీదకు వచ్చారు. వాళ్లు ఎండకు శత్రువులు కారు.

సోమశిల సంగతీ ఇదే. 78 టి.ఎం.సి.ల ఈ జలాశయం ఆత్మకూరు పక్కనే ఉన్నా మెట్టకు నీరు ఎత్తిపోస్తే తప్ప ఎక్కదు. ఆత్మకూరు, ఉదయగిరి నియోజకవర్గాలలో 46 వేలకు పైగా ఎకరాలకు నీరిచ్చే హైలెవల్ కాలువ రెండో దశకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. అదే సోమశిల దగ్గర 900 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రాన్ని కూడా ప్రభుత్వం ప్రతిపాదించింది. పగలు మిగిలిన సౌర విద్యుత్తుతో నీటిని పై చెరువులోకి తోడి, సాయంత్రం గిరాకీ వేళ కిందికి వదిలి మళ్లీ విద్యుత్తు తీయడం దాని పద్ధతి. తోడడానికి పట్టిన కరెంటులో ఐదోవంతో నాలుగోవంతో తిరిగి రాదు. అయినా సూర్యుడు అస్తమించాక దీపం వెలగాలంటే ఇటువంటి నిల్వ అవసరమే. నీరు రెండు విధాలుగా కొండెక్కబోతున్నది, ఒకటి పొలానికి, రెండోది లాభానికి. ఏది ముందు అన్నది ఇంజనీరు తేల్చే విషయం కాదు.

6

ఇక్కడ మన శిబిరంలోనే రెండు వాదాలు వినిపిస్తాయి. పాశ్చాత్య దేశాలు రెండు వందల ఏళ్లు బొగ్గు కాల్చి ధనవంతమయ్యాయి గనుక బొగ్గు మన హక్కు అన్నది మొదటిది. చారిత్రకంగా ఆ దేశాల బాకీ వసూలు చేయవలసిందే. కాని కృష్ణపట్నంలో కాలిన బొగ్గు వరికుంటపాడు కూలివాడి హక్కుగా ఎన్నడు కాలింది? వేడి మొదట తగిలేది అతనికే. ఎండలో పని మానితే పస్తు, మానకపోతే వడదెబ్బ. రెండో వాదం, కంపెనీ అయితేనేమి, ముందు బొగ్గు పోనీ, న్యాయం తరువాత చూడవచ్చు అన్నది. 1882లో అడవి విషయంలో కూడా ఇట్లాగే అన్నారు. ఆ తరువాత అన్నది ఇంతవరకు రాలేదు. పైగా అన్యాయంగా వచ్చిన సౌర విద్యుత్తును జనం అసహ్యించుకుంటే లాభపడేది బొగ్గు వ్యాపారే.

కనుక మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. వ్యవసాయానికి పగటిపూట విద్యుత్తు హక్కుగా ఉండాలి. 2020లో కేంద్రం అదనపు అప్పుకు విద్యుత్ సంస్కరణల షరతు పెట్టాక ఇక్కడ పంపుసెట్లకు మీటర్లు, నగదు బదిలీ ముందుకొచ్చాయి. ఆ దారిలో ఆ హక్కు కరిగిపోరాదు. గ్రామ సహకార సంఘాల ద్వారా సౌర ఉత్పత్తికి ప్రభుత్వమే పెట్టుబడి పెట్టాలి. మిగిలిన కరెంటును గ్రిడ్డు కొనాలి. నీటిని తోడడం కన్నా కరెంటు అమ్మడమే లాభమైతే భూగర్భ జలం కూడా మిగులుతుంది. ఆ కొనుగోలు లేకుండా సౌర మోటార్లు మాత్రమే పంచితే బోరు ఎండడం మరింత వేగమవుతుంది. లీజులో కౌలుదారుకు, కాపరికి, కూలికి చట్టబద్ధమైన వాటా ఉండాలి. బంజరు అని రాసేముందు గ్రామసభ ఆ భూమిని ఎవరు ఎట్లా వాడుతున్నారో నమోదు చేయాలి. సోమశిల నీటిలో తాగునీరు, సాగునీరు ముందు, నిల్వ విద్యుత్తు తరువాత. కృష్ణపట్నం ప్రభుత్వ కేంద్రాన్ని ప్రైవేటుకు లీజుకివ్వాలన్న ప్రయత్నాన్ని ఉద్యోగులు 2022లో ఎదిరించారు. ఆ కార్మికులు, ఈ రైతులు ఒకే వేదిక మీదకు రావాలి. బొగ్గు కేంద్రం మూతపడే రోజున కార్మికుడు వీధిన పడకుండా చూడడం కూడా స్వచ్ఛ ఇంధన విధానంలో భాగమే.

ఇవి అసాధ్యమని పెదవి విరిచేవారికి ఈ ప్రాంతమే జవాబు చెప్పింది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు 1992లో సారా దుకాణం మూయించారు. సారా ఆదాయం లేకపోతే ఖజానా నడవదని అన్నారు ఆనాటి పాలకులు. 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకు దాన్ని సడలించిన మాట నిజమే. కాని ఖజానా లెక్క కంటే పైలెక్క ఒకటున్నదని రోసమ్మ, ఆమె తోటి స్త్రీలు దేశానికి చూపించారు.

మన కళాశాలల విద్యార్థులు సెలవులకు ఊరు పోయినప్పుడు చేయగల పని ఒకటున్నది. మీ ఊరి బంజరు ఎవరు వాడుతున్నారు, ఏ సర్వే నంబరుకు ఏ కంపెనీ మనుషులు వచ్చి చూసిపోయారు, బోరు ఎన్ని అడుగులకు దిగింది, ఇంటి కరెంటు బిల్లులో సర్దుబాటు ఛార్జి కింద ఎంత పడింది అన్నవి రాసిపెట్టండి. రాష్ట్ర నియంత్రణ మండలి 2022–23, 2023–24 సంవత్సరాలకు అనుమతించిన సర్దుబాటు 15 వేల కోట్ల రూపాయలకు పైబడింది. ఆ మొత్తం మీ అమ్మ కట్టిన బిల్లులో ఏ వరుసలో ఉన్నదో చూపించండి. దుర్గం చరిత్రను రాజుల ఆస్థానాలు రాయించుకున్నాయి. ఈ చరిత్ర మనం రాయకపోతే కంపెనీల వార్షిక నివేదికలు రాస్తాయి.